మూతి కుదరని జాడీలు

గంగబాబు లెక్కలో సరుకు రెండు రకాలు. అమ్మేశాక మర్చిపోగలిగేది ఒకటి, అమ్మేశాక కూడా మన వెనకాలే నడిచొచ్చేది ఇంకొకటి. స్టీలు బిందె మొదటి రకం. ఊరగాయ జాడీ రెండో రకం. అమలాపురం బజారులో తండ్రి పెట్టిన గిన్నెల కొట్టు నడుపుతూ తల నెరిసినవాడికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసి తెలిసి ఆ వేసవిలో రెండో రకం సరుకు, అదీ నిండు జాడీలు, అరవై నెత్తికెత్తుకున్నాడు.

ముందు ఖాళీ జాడీలు కొట్టు అరుగు మీద పేర్చుకుని, ఒక చెక్కమూత పట్టుకుని, ఒక్కో జాడీ మూతి మీదా పెట్టి చూస్తున్నాడు. ఒకదాంట్లో మూత లోపలికి జారిపోయింది. పక్కదాని మీద ఎక్కి కూర్చుని ఊగింది. ఇంకోదాని మీద ఒకవైపు అతుక్కుని, రెండోవైపు వేలు దూరేంత సందు వదిలింది.

"ఏరా ప్రవీణూ, ఇవి జాడీలా, అలిగిన మొహాలా? ఒక్కదాని మూతీ తిన్నగా లేదేంట్రా?"

కొత్తపేట దగ్గర సొంతంగా ఆవం పెట్టుకుని జాడీలు చేసే ప్రవీణ్ కుమార్ ఆటోలోంచి గడ్డిలో చుట్టిన ఆఖరి జాడీ దించుతూ నవ్వేడు. "చేత్తో చేసినవండి బాబాయిగారూ. చెయ్యెటు తిరిగితే మూతి అటు తిరుగుద్ది. అన్నీ ఒక్కలాగే ఉండాలంటే ఫ్యాక్టరీవి కొనుక్కోవాలండి. చేత్తో చేసినవే కావాలన్నారని మీరే కదండీ చెప్పేరు?"

"నేను కాదురా అన్నది. ఆయన."

ఆయనంటే సాయిదుర్గాప్రసాద్. సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, వశిష్ఠ గోదావరి గట్టు మీద, కొబ్బరితోటలో పెంకుటిళ్ళలాంటి గదులు కట్టించి లాడ్జి పెడుతున్నాడు. గదిలో ఏసీ, బయట ఎడ్లబండి చక్రం. ప్రారంభం రోజున వచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక చేతి జాడీ, దాన్నిండా ఆవకాయ ఇవ్వాలని ఆయన సరదా. బేరం నాడు కొట్టుకొచ్చి కూర్చుని, కాఫీ తాగుతూ, ఫోనులో మ్యూజియం బొమ్మలు చూపించేడు.

"చూసేరా గంగబాబు గారూ, ఆ రోజుల్లో మూతలెక్కడివండీ? మట్టితో మూసేవారు, లక్కతో మూసేవారు, ఆకులతో మూసేవారు. జాడీ విప్పకముందే మనిషికి పాతకాలం కనపడాలండి. ప్లాస్టిక్కు ముక్క కనపడకూడదు."

"ఆయ్, కనపడదండి," అన్నాడు గంగబాబు. బేరంలో ఆయ్ అన్న మాట చవక. తరవాత పడే ఖర్చే ఎక్కువ.

"ఆవకాయ ఎవరు పెడతారు?"

ఇక్కడే గంగబాబు నోరు తూకం తప్పింది. "మా ఆవిడ పెడద్దండి. ఈ బజారులో ఎవర్నైనా అడగండి, కుసుమ చేతి ఆవకాయంటే మూడో వీధికి తెలుస్తుంది."

సాయిదుర్గాప్రసాద్ తొడ చరిచేడు. "అయితే ఆ పేరే వేసేద్దామండి. 'కుసుమ గారి చేతి ఆవకాయ' అని ప్రతి జాడీకీ ఒక చీటీ వేలాడదీద్దాం!"

బేరం కుదిరింది. ఇంటికెళ్ళి చెప్పేసరికి కుసుమ పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోలేదు.

"నా పేరు నన్నడక్కుండా అమ్మేసేరా?"

"అమ్మడం కాదే, పేరొస్తుంది. ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు..."

"వచ్చేది పేరో, పోయేది పేరో మీకేం తెలుసు? భవానీదేవి వదినగారు గుర్తున్నారా?"

గుర్తులేకేం. ముమ్మిడివరంలో ఉండే భవానీదేవి, గంగబాబుకి దూరపు అక్క వరస. ఆవిడ ఆవకాయకి ఒకప్పుడు ఊళ్ళో పోటీ లేదు. ఎవరింట పెళ్ళైనా కారం కలపడానికి ఆవిడనే పిలిచేవారు. ఒక ఏడు, ఎవరో పెళ్ళివారు ఆవిడ చేత పెట్టించి, జాడీకి ఏదో గుడ్డ చుట్టి వదిలేశారు. వారం తిరక్కుండా బూజు పట్టింది. పొరపాటు గుడ్డది, చుట్టినవాళ్ళది. అయినా మాట పడింది మాత్రం ఆవిడే. ఆ తరవాత ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. పైగా పిలవకపోవడానికి మంచి మంచి కారణాలు చెప్పేవారు, అది ఇంకా మంట.

"ఆవకాయ బూజు పడితే జాడీననరు, గుడ్డననరు, కలిపిన చేతినంటారు," అంది కుసుమ. "కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు, జనం నోటికి పెట్టలేమండి. అరవై ఇళ్ళు! మీ నష్టం మీరు ఇంకో బేరంలో పూడ్చుకుంటారు. నాది దేంతో పూడ్చుకోను?"

గంగబాబు మాటిచ్చేశాడు కాబట్టి మాట వెనక్కి తీసుకునే దారి లేదు. "ఒక్క చుక్క కారదు, ఒక్క మచ్చ పడదు. మూతి సంగతి నాకొదిలెయ్," అన్నాడు. అలా మూతి సంగతి ఆయన మెడకి చుట్టుకుంది.

మొదటి ప్రయత్నం అరిటాకు. ఖాళీ జాడీకి చేటంత ఆకు కప్పి, కొబ్బరిపీచు తాడుతో బిగించి, ఫోటో తీసి సాయిదుర్గాప్రసాద్‌కి పంపేడు. "అద్భుతం!" అని జవాబొచ్చింది. మర్నాటికి ఆకు వాడి, మడతల దగ్గర చిట్లింది. చిట్లిన చోటునుంచి చీమలు బజారుకెళ్ళొచ్చినట్టు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. అద్భుతం అంతటితో అయిపోయింది.

రెండోది లక్క. దానికి సరంజామా అంతా సాయిదుర్గాప్రసాదే పంపించేడు: మట్టి మూకుళ్ళు, లక్క ముద్దలు, దాని మీద గుద్దడానికి కొబ్బరిచెట్టు బొమ్మ చెక్కిన ఇత్తడి ముద్ర. ఈలోగా మామిడికాయలొచ్చేశాయి. కుసుమా, ఇద్దరు ఆడకూలీలూ పెరట్లో కత్తిపీటల ముందు కూర్చుని కాయలన్నీ టెంకతో సహా ముక్కలు కొట్టేరు. ఆవపిండీ, కారం, ఉప్పూ కలిసిన ఘాటుకి వీధిలో పోయేవాళ్ళు తుమ్ముకుంటూ పోయేరు. కొన్ని జాడీలు నింపి, కుసుమ స్నానానికెళ్ళింది. ఆవిడ వచ్చేలోగా గంగబాబు మూకుళ్ళు పెట్టి, చుట్టూ మట్టి మెత్తి, లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దేశాడు. ఎర్రటి లక్క మీద కొబ్బరిచెట్టు. ఏ రాజుగారి ఖజానా నుంచో వచ్చినట్టుంది. తన పనితనానికి తనే మురిసిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

కుసుమ చూసి, తల తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. మూడోనాడు పొద్దున్న తడిలేని పొడుగు గరిటె పట్టుకుని వచ్చింది.

"విప్పండి."

"ఏం విప్పేది?"

"జాడీలండి. మూడోనాడు తిరగ కలపాలి కదా? ఊట దిగిందో లేదో చూడాలి, నూనె పైకి తేలేలా పొయ్యాలి."

గంగబాబు పుట్టిన దగ్గర్నుంచీ ఆవకాయ తింటున్నాడు. తొలినాటి ఆవకాయ కన్నా తిరగ కలిపిన ఆవకాయ రుచని వాదించేవాడు కూడా. వేడన్నంలో కలుపుకోవడం తెలుసు గానీ, జాడీలో కలపాలన్న సంగతి మాత్రం బుర్రలోనే లేదు.

"ఓ మాట ముందే చెప్పొచ్చుగా?"

"ఇదీ చెప్పాలా? ఆవకాయ తిరగ కలుపుతారని ఊళ్ళో పిల్లిక్కూడా తెలుసు. మీరు ముద్రలేసుకుని ముచ్చటపడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎలా విప్పుతారో చూద్దామనుకున్నాను."

ఎలా విప్పాడో చెప్పుకోవడం కూడా అవమానమే. ఉలీ, సుత్తీ. రెండు జాడీల పెదవులు విరిగాయి. మిగిలినవాటిలోకి లక్క పెళ్ళలు ముక్కలు ముక్కలుగా రాలి, ఎర్రటి కారంలో ఎర్రగా కలిసిపోయేయి. వాటిని ఇంటి వాడకానికి ఉంచేసుకున్నారు. ఆ రోజు నుంచీ గంగబాబు ముద్ద ముద్దకీ ఆగి, నోట్లోంచి కొబ్బరిచెట్టు ముక్కలు ఏరుకుంటూ తిన్నాడు. విరిగినవాటికి బదులు జాడీలు తెస్తూ ప్రవీణ్ కుమార్, "లక్క బాగుందాండీ?" అని అడిగేడు. గంగబాబు జాడీలు లెక్కపెట్టుకున్నాడు.

"ఇంక నేను చెప్పినట్టు వినండి," అంది కుసుమ. "వాసెన కడదాం. మా అమ్మ కట్టింది, మీ అమ్మా కట్టింది. మూతి వంకరైనా గుడ్డకేం బాధ? జాడీ ఎటుంటే అటే వంగుతుంది. రెండు మడతలేసి, పెదవి కింద తాడు బిగిస్తే చీమ దూరదు, గాలి ఆడుతుంది, లోపల చెమ్మ పట్టదు. కాకపోతే పాత గుడ్డ కావాలి."

సాయిదుర్గాప్రసాద్‌ని ఒప్పించడానికి ఫోనులో అరపూట పట్టింది. వాసెన కన్నా పాతకాలపుదేముందండీ, మీ అమ్మమ్మగారింట్లో చూసే ఉంటారు కదండీ అని గంగబాబు ఆయన్ని చిన్నతనంలోకి లాక్కెళ్ళేడు. ఆఖరికి ఆయన మెత్తబడ్డాడు. "అయితే చేనేత గుడ్డండి. మన బండారులంకదే. మిల్లు గుడ్డ ఒద్దు."

గంగబాబుకి ప్రాణం లేచొచ్చింది. చేనేత గుడ్డ కొనడం తనకి తెలిసిన పని. బండారులంక వెళ్ళి, మగ్గం మీంచి దించిన కోరా గుడ్డ ఒక తాను తెచ్చేశాడు. ఫెళఫెళలాడుతోంది, వెన్నెల్లా ఉంది. కుసుమ చేత్తో నలిపి చూసి పెదవి విరిచింది.

"పాతది కావాలన్నాను."

"ఎవరో కట్టి విడిచిన గుడ్డలు జాడీలకి చుట్టి లాడ్జివాడికి ఇస్తే నన్ను బజారులో నిలబెట్టి కొడతారే. చూడు, దీని నునుపు చూడు."

"దీన్నిండా గంజి. పోనీ, నాలుగు ఉతుకులు ఉతకనివ్వండి."

"ఉతికితే కళ పోద్ది!"

ఆ ఒక్క మాట కోసం తరవాత ఎన్ని తిట్లు తిన్నాడో గంగబాబు లెక్క వేసుకోలేదు. కళ పోకుండా కట్టిన జాడీలు ఓ పది వరండాలో పెట్టేరు. ఆ వారం సముద్రం మీంచి తడిగాలి తిరిగింది. నడుమ ఒకనాడు వాన పడి, మళ్ళీ ఉక్క పోసింది. ఐదో రోజు పొద్దున్న కుసుమ వరండాలోంచి పిలిచిన పిలుపుకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చేరు.

తెల్లటి గుడ్డ మీద పచ్చటి చుక్కలు. మొదట ఒక జాడీ మీద, వెతికితే అన్నిటి మీదా. మగ్గం దగ్గర నూలుకి పట్టించిన గంజి కిందనుంచి ఆవకాయ చెమ్మా, పైనుంచి గాలి చెమ్మా తాగి, అన్నం బూజు పట్టినట్టే పట్టింది. లోపల ముక్కకి ఇంకా అంటలేదు. కుసుమ గుడ్డలన్నీ లాగి పెరట్లో కుప్పేసి, పైన తేలిన నూనె తీసి పారబోసి, కొత్త నూనె పోసి, జాడీల మూతులన్నీ తుడిచి, మంచం మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకుంది.

గంగబాబుకి ఆవిడ తిట్టడం అలవాటే. ఇలా తిట్టకుండా కూర్చోవడం అలవాటు లేదు.

"లోపలికి దిగలేదుగా," అన్నాడు మెల్లిగా.

"ఇంకో రెండ్రోజులు ఆగితే దిగేది. ఇంకా నయం, మన వరండాలో పట్టింది. ఆ అరవై ఇళ్ళల్లో పట్టుంటే?" ఆవిడ తలెత్తింది. "ఆ చీటీలెక్కడున్నాయి?"

సాయిదుర్గాప్రసాద్ అచ్చేయించి పంపిన చీటీల కట్ట తెచ్చిచ్చేడు. ఆవిడ వాటిని బీరువాలో పెట్టి తాళమేసింది. "ఆవకాయ ఇవ్వండి. నా పేరు ఇవ్వకండి."

వ్యాపారంలో సరుకు తిరిగిరావడం చూశాడు, చెక్కు తిరిగిరావడం చూశాడు. పేరు తిరిగిరావడం ఇదే మొదలు. దానికి ఏ కాటాలోనూ రాయి లేదు.

"పాత గుడ్డే కదా, తెస్తాను," అన్నాడు.

తీరా వెతికితే ఇంట్లో పాత గుడ్డ లేదు. కుసుమ చీరలన్నీ సిల్కు కలిసినవీ, జారిపోయేవీ. దుప్పట్లు పాలిస్టరు. ఆ గుడ్డ కడితే ముడి జారుతుంది, గాలాడక లోపల నీటిచుక్కలు కారతాయి అని కుసుమ ముందే కొట్టేసింది. అమ్మ చీరలు, నాన్న ఉత్తరీయాలు, మెత్తటి పాత పక్కగుడ్డలు ఒక ట్రంకు నిండా ఉండాలి కదా అని అటక మీదికి ఎక్కేడు. ట్రంకుంది. ట్రంకులో స్టీలు గిన్నెలున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు పాత బట్టలకి గిన్నెలిచ్చేవాడు వీధిలోకొస్తే, తనే దగ్గరుండి బేరమాడేడు. గిన్నెల కొట్టువాడై ఉండి గిన్నెల కోసం బేరమాడి, వాణ్ణి ఓడించేడు. ఆ పూట భోజనంలో ఎంత రుచిగా చెప్పుకున్నాడో! "పనికిరాని గుడ్డలకి పనికొచ్చే గిన్నెలు," అన్నాడు. ఇప్పుడు అటక మీద చెమట కారుతూ కూర్చుని ఆ గిన్నెల్లో ఒకదాన్ని చూస్తే, అందులో ఆయన మొహమే వంకరగా కనపడింది.

కొట్టు పక్కన ఇడ్లీ బండి నడిపే రూతుని అడిగేడు. "పాత నూలు గుడ్డలా? నేనెప్పుడో నైటీల్లోకి దిగిపోయేనండి," అంది రూతు. "మా ఆయన లుంగీలున్నాయి గానీ, అవి కడితే ఆవకాయకేం గానీ తినేవాళ్ళకి ఏదైనా అయిద్దండి."

దాంతో గంగబాబు వ్యాపారి బుర్ర వాడేడు. పాతదానికి కొత్తది ఇస్తానంటే ఎవరు కాదంటారు? కొత్త పంచెలు కొన్ని సంచిలో పెట్టుకుని మళ్ళీ బండారులంక వెళ్ళేడు. నేతపనివాళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ నూలు పంచె కడతారు. ఒక ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్న పెద్దాయన కనపడ్డాడు. పంచె ఉతికి ఉతికి పాలమీగడలా ఉంది. గంగబాబు కళ్ళు ఆ పంచె మీదే నిలిచిపోయేయి.

"పెద్దయ్యగారూ, తమ దగ్గర పాత పంచెలుంటే ఇస్తారాండీ? బదులు కొత్తవిస్తాను."

పెద్దాయన మగ్గం ఆపేడు. "కొత్తదిచ్చి పాతది పట్టుకెళ్తారా?"

"ఆయ్."

"కట్టి విడిచిందే కావాలా?"

"ఎంత కట్టుంటే అంత మంచిదండి."

పెద్దాయన కళ్ళు చిన్నవయ్యేయి. లోపల్నుంచి ముసలావిడ గొంతు వినపడింది. "ఏవండీ, ముందు మీరు లోపలికొచ్చెయ్యండి! తలవెంట్రుకలు కూడా అడుగుతాడేమో కనుక్కోండి!"

"అయ్యో, అది కాదమ్మా, జాడీలకి వాసెన..."

"కట్టిన గుడ్డ అడిగేది చిల్లంగి పెట్టేవాళ్ళేనయ్యా! పోయినేడు మా మేనల్లుడి తువ్వాలు దండెం మీంచి మాయమైన వారానికే వాడికి జ్వరమొచ్చింది. పట్టపగలు పంచెలడిగి పట్టుకెళ్తాడంట!"

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. "నాది అమలాపురం, గిన్నెల కొట్టండి" అని గంగబాబు చెప్పబోయేడు. "గిన్నెల కొట్టువాడికి పంచెలెందుకు?" అని ఎవరో అడిగేరు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నలుగురు చుట్టూ చేరేలోగా సంచి చంకన పెట్టుకుని బండెక్కేశాడు. పంచె మార్చుకోవడానికి వెళ్ళిన మనిషి, చేతబడిగాడన్న పేరుతో తిరిగొచ్చేడు. ఊరూరా ఇంతేనని అర్థమైంది. ఏ ఇంట్లోనైనా వాడిన గుడ్డ స్టీలు గిన్నెకిస్తారు గానీ, మనిషి చేతికివ్వరు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "కొత్తదైతే ఎంతైనా కొంటాను. పాతదనం ఎక్కడ కొంటాను?" అన్నాడు గాల్లోకి.

కుసుమ పెరటివైపు చూస్తోంది. దండెం మీద గంగబాబు పంచెలు ఆరుతున్నాయి. బండారులంక నూలువి. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి, అవతల ఆకాశం కనపడేంత పలచబడి, మెత్తబడ్డవి.

"కుసుమా. ఒద్దు," అన్నాడు.

"నేనేమన్నాను?"

"చూపు చాలు. ఆ పంచె లేకపోతే కొట్లో నేను ఎవర్ని? మా నాన్న పంచెతో కూర్చున్న గల్లా అది. జనం నా మాట నమ్మేది నా మొహం చూసి కాదు, నా పంచె చూసి. కొత్తవి కట్టుకుంటే కందిరీగలు కుట్టినట్టుంటుంది నాకు."

"నేనేం అడగలేదండి," అంది కుసుమ. "ఆయనకి ఫోను చేసి కుదరదని చెప్పెయ్యండి. ఆవకాయ చుట్టాలకి పంచుతాను. పేరు పెట్టుకుని కాదులెండి, ఊరికే."

ఆ ఊరికే అన్న మాట గంగబాబుకి ఎక్కడో తగిలింది. ఒక పళ్ళెంలో తన పంచె, గల్లా, బజారులో మాట. రెండో పళ్ళెంలో, పెళ్ళిళ్ళకి పిలవని భవానీదేవి అక్క. ఆవిడ తరవాత తనింట్లో ఆవకాయ పెట్టడం కూడా మానేసిందని ఎవరో అన్నారు. కొనుక్కు తింటోందట.

లేచి దండెం దగ్గరికెళ్ళి, పంచెలు తీసి, ఆవిడ ఒళ్ళో పడేశాడు. "చింపు. నా ఎదురుగా చింపకు, లోపలికెళ్ళి చింపు."

లోపలికెళ్ళినా చప్పుడు వినపడింది. నూలు బట్ట నిలువునా చిరిగితే వచ్చే చప్పుడు. అంచులు తాళ్ళయ్యేయి, మధ్య భాగం చదరాలైంది. వాటిని వేడినీళ్ళలో ఉడికించి, ఫెళ్ళున కాసిన ఎండలో ఆరేసి, రెండేసి మడతలు పెట్టి, ఒక్కో జాడీ మూతికీ కప్పి, పెదవి కింద అంచు తాడు బిగించి కట్టింది. వంకర మూతులన్నీ గుడ్డకింద ఒక్కలాగే సర్దుకున్నాయి. ప్రవీణ్ కుమార్ చేతి తప్పులు ఒక్కటీ కనపడలేదు. గంగబాబు ఒక మూత మీద వేలితో తట్టి చూసేడు, డోలక్కులా మోగింది. బాగుందని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు.

కుసుమ ఇంకా ఏదో లెక్కపెడుతోంది. "ఇంకా పదిహేను జాడీలకి చాలలేదండి."

"ఉన్నవన్నీ ఇచ్చేశానుగా."

ఆవిడ నెమ్మదిగా ఆయన కట్టుకున్న పంచె వైపు చూసింది.

గంగబాబు గదిలోకెళ్ళి, తలుపు వేసుకుని, ఆ పంచె తలుపు సందులోంచి బయటికి విసిరేశాడు.

ప్రారంభం రోజున ఆయన జాడీల వ్యాను ముందు సీట్లో, గళ్ళ లుంగీలో కూర్చుని బయల్దేరేడు. సంచిలోని కొత్త పంచె కట్టి చూశాడు గానీ, కూర్చుంటే నిలబడింది, నిలబడితే కూర్చుంది. బజారు దాటుతుంటే రూతు గరిటె ఎత్తి, "ఏవండీ, లారీ పనిలో చేరేరా?" అని అరిచింది. లాడ్జి గేటు దగ్గర కాపలా మనిషి బండిని ఆపేడు.

"లోడా? వెనక గేటు."

"నేను గంగబాబునయ్యా. అమలాపురం. కొట్టు యజమానిని."

"యజమానిగారిని ముందు గేటు నుంచి రమ్మనండి. లోడు వెనక గేటు," అన్నాడు వాడు.

జాడీలన్నీ కొబ్బరాకుల పందిట్లో బల్లల మీద పెట్టేరు. సాయిదుర్గాప్రసాద్ వచ్చి ఒకదాన్ని రెండు చేతులా ఎత్తి, వాసెన మీద చెంప ఆనించి, "అబ్బబ్బ! ఏం గుడ్డండీ ఇది! ఎక్కడ సంపాదించేరు? దీని పాతదనం చూస్తుంటే మా తాతగారు గుర్తొస్తున్నారండి," అన్నాడు.

"ఇంటిదేనండి," అన్నాడు గంగబాబు, లుంగీ ముడి సవరించుకుంటూ. మీ తాతగారు కాదు, నేను, అని చెప్పాలనిపించింది. మింగేశాడు.

భోజనాలకి కొన్ని జాడీలు అక్కడే విప్పాలన్నారు. విస్తళ్ళ ముందు జనం కూర్చున్నారు. వడ్డించేవాళ్ళు తాళ్ళు విప్పి గుడ్డలు తీస్తుంటే, గంగబాబు ఒక్కో జాడీ దగ్గరికీ వెళ్ళి లోపలికి తొంగి చూసేడు. నూనె పైకి తేలి, అద్దంలా ఉంది. మచ్చ లేదు, చుక్క లేదు. గుడ్డ అడుగు తిప్పి చూసేడు. పొడిగా ఉంది.

మొదటి ముద్ద తిన్న ఒక పెద్దావిడ, రాజోలు నుంచి వచ్చిందట, వేళ్ళు నాక్కుంటూ తలెత్తింది. "ఇది కొనుక్కొచ్చింది కాదు. ఎవరి చెయ్యండీ ఇది?"

సాయిదుర్గాప్రసాద్ గంగబాబు వైపు తిరిగేడు. "చెప్పండి గంగబాబు గారూ. అన్నట్టు ఆ చీటీలేవండీ, అచ్చేయించి పంపేను కదా? మర్చిపోయేరా?"

పంక్తి పంక్తంతా చూస్తోంది. నోటి చివర పేరుంది. రెండు నెలల కిందటైతే ఎప్పుడో బయటికొచ్చేసేది. గంగబాబు జేబులోంచి ఫోను తీసేడు. "ఒక్క నిమిషమండి."

"పేరు చెప్పడానికి ఫోనెందుకండీ?"

"అడగాలండి."

పందిరి స్తంభం పక్కకి వెళ్ళేడు. కుసుమ ఎత్తింది. వెనకాల కుక్కరు కూత వినపడుతోంది.

"ఏమే, అందరూ అడుగుతున్నారు. చెప్పమంటావా?"

"ఎన్ని విప్పేరు?"

"భోజనాలకి కావాల్సినన్ని."

"అన్నీ చూసేరా, ఒకటి చూసి అన్నీ బాగున్నాయంటున్నారా?"

"అన్నీ చూశానే! వడ్డించేవాళ్ళకంటే ముందు నేనే చూశాను. విస్తళ్ళ ముందు జనం ఎదురు చూస్తున్నారు, తొరగా చెప్పు."

అవతల కుక్కరు మళ్ళీ కూసింది.

"గుడ్డ అడుగున తడుందా?"

"లేదు."

"సరే, చెప్పండి," అంది. తరవాత, ఫోను పెట్టేస్తుందనుకుంటుండగా, "ఏవండీ, విప్పిన గుడ్డలు పారేయనివ్వకండి. ఉతికితే మళ్ళీ ఏడాదికి పనికొస్తాయి. అలాంటివి మనకింక ఎక్కడా దొరకవు."

గంగబాబు తిరిగొచ్చి, "మా ఆవిడండి. కుసుమ," అని చెప్పేడు. ఆ పేరు ఒక విస్తరి నుంచి ఇంకో విస్తరికి వెళ్తుండగా, ఆయన ఒంగి, బల్లల కింద పడినవీ, అరిటాకుల చివర కారం అంటుకున్నవీ, ఒక కుర్రాడు చేతులు తుడుచుకుంటున్నదీ, తన పంచె ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి, లుంగీ మడతలో దోపుకుంటూ పంక్తి చివరిదాకా నడిచేడు.

"ఏం చేస్తున్నారండీ గంగబాబు గారూ, మావాళ్ళు తీస్తారు కదా?" అన్నాడు సాయిదుర్గాప్రసాద్.

"మీవాళ్ళకి తెలీదండి," అన్నాడు గంగబాబు విసుగ్గా. "ఆ బాబు చేతిలోది ఇప్పించండి ముందు."